లిఫ్టుకు పది తేత్రీలు

మా లిఫ్టు దిగేటప్పుడు ఊరికే దించుతుంది,
ఎక్కాలంటే మాత్రం నాణెం మింగాలి.
పది తేత్రీలు.
కుతైసీలో, ఎనిమిదో అంతస్తులో
వ్యాపారం పెట్టినవాళ్లకు
మొదటి ఖర్చు అదే.

మే నెలలో మొదలెట్టింది మక్వాలా.
పచ్చి ఆల్‌బుకారా కాయలు రెండు బస్తాలు,
వెల్లుల్లి, కొత్తిమీర, సోయికూర,
వాగు పక్కన మొలిచే ఘాటు పుదీనా.
వంటింటి అద్దాలకు పులుపు ఆవిరి పట్టి
ఎదుటి బ్లాకు మాయమైంది.

"ఇంట్లో తినే ట్కెమలి
ఊరికి అమ్మడమేమిటే?" అన్నాను.
ముప్పై రెండేళ్లు ఏడో నంబరు బస్సు తోలినవాణ్ణి.
జనమే వచ్చి ఎక్కేవారు,
రండి బాబూ అని ఏనాడూ కేకెయ్యలేదు.
"నీ బస్సుకు నంబరుంది జౌరీ,
నా సీసా సంగతి ఎవరికి తెలుసు?
కేకెయ్యాల్సిందే" అంది.

మనవరాలు తెక్లా ఫొటో తీసింది.
బాల్కనీలో దుప్పటి పరిచి,
దాని మీద సీసా, సీసా పక్కన నాలుగు కాయలు,
వెనక కప్పీ తాడు మీద నా బనియను.
మూడొందలమంది చూశారు.
బనియను ఎవరిదని ఇద్దరు అడిగారు.
సీసా ఎంతని ఒక్కరూ అడగలేదు.

ఆ రాత్రి ఒంటి వేలితో ప్రకటన రాసింది.
'ఒక్కసారి రుచి చూడండి' అని రాసి, చెరిపి,
'మా అమ్మ చేతి వంట' అని రాసి,
అదీ చెరిపి
(మా అత్తగారి వంట సంగతి వీధి వీధికీ తెలుసు)
తెల్లారేసరికి
'పుల్లగా ఉంటుంది' అని మాత్రం మిగిల్చింది.

వారంలో రెండు ఆర్డర్లు.
ఒకటి బతూమీలో ఉన్న చెల్లెలు,
రెండోది అదే చెల్లెలు, పక్కింటావిడ పేరుతో.

అప్పుడు నేను బెసిక్‌నయ్యాను.
బెసిక్ అనే పెద్దమనిషి, స్టేడియం వెనక గ్యారేజీ చిరునామా.
నా పింఛనుతో నేనే కొని,
నేనే మోసుకెళ్లి, నాకే ఇచ్చి,
పాత టైర్ల చాటున దాచాను.
ఐదు సీసాలు.
అక్కడితో ఊరుకుంటే పోయేది.
చేతి దురద, అభిప్రాయం కూడా రాశాను:
'బాగుంది. ఉప్పు పిసరంత తగ్గిస్తే మేలు.'

చదివింది. ఏమీ అనలేదు.
రాత్రి నా కంచంలో రొట్టె వేస్తూ,
"బెసిక్‌గారు కనిపిస్తే చెప్పు,
ముప్పై ఏళ్లుగా తగ్గని ఉప్పు
ఇప్పుడు తగ్గదని."

రుస్తావీ నుంచి నోనా అనే ఆవిడ,
మాకు చుట్టం కాదు, చెల్లెలు కాదు, నేనూ కాదు,
ఆగస్టులో ఉత్తరమంత కబురు పెట్టింది.
వ్యానులో మూత వదులై సీసా సగం కారిపోయిందట,
పెట్టె తడిసి ముద్దయిందట.
'కోపంతో అట్టముక్క నాకాను.
ఇంకో నాలుగు పంపండి.
మూతలు బిగించే మగాడు ఇంట్లో లేడా?'

మక్వాలా నిలబడి చదివి,
కూర్చుని మళ్లీ చదివి,
పొయ్యి మీద గిన్నె మాడేదాకా చదివింది.
ఆ మర్నాటి నుంచి మూతలు నావి.
స్టీరింగు పట్టిన చేతులు కదా,
ఇప్పుడు తెరవలేకపోతున్నామని ఫిర్యాదులు.

లాభమా?
కాయలు, గ్యాసు, సీసాలు,
వ్యాను డ్రైవరు టీ డబ్బులు తీసేసి
(లిఫ్టుకు వేరే గడి గీసింది పుస్తకంలో)
పోయిన నెల మిగిలినదానితో
ఒక జత బూట్లలో ఎడమదొక్కటే వస్తుంది.

నిన్న సరుకు అయిపోయింది.
త్బిలిసీ నుంచి ఐదడిగారు.
కాయల కాలం ఎప్పుడో దాటింది.
చేతులు తుడుచుకుంటూ అంది కదా,
"బెసిక్ దగ్గర ఐదున్నాయిగా,
పోయి పట్టుకురా."

గ్యారేజీ నుంచి సంచీతో వచ్చి చూస్తే
జేబులో చిల్లర లేదు.
లిఫ్టు నోరు తెరిచి చూస్తోంది.
మెట్ల కింద నిలబడి ఫోన్ చేశాను.

"పేరు?" అంది.
ఊపిరి పీల్చుకునేలోగా
"చిరునామా?" అంది.