గాలిమోటరు

మా దిక్కు విమానాన్ని గాలిమోటరు అంటరు.
గాలిమోటరెక్కి వచ్చిన నాకు
ఇక్కడ దొరికిన కొలువు కూడా
గాలికి మోటరు కట్టొచ్చా లేదా అని చూసుడే.
ఫోన్ల ఈ మాట చెప్తే మా బామ్మర్ది నర్సింలు
నవ్వీ నవ్వీ దగ్గుకు దిగిండు.

హత్తా ఊరు దాటినంక, డ్యాం దాటినంక,
రాళ్లు తప్ప ఇంకేం కాయని గుట్ట.
దాని నెత్తిన ఎనభై మీటర్ల ఇనుప కంబం.
కొసకు మూడు చిన్న గిన్నెలు,
పావుసేరు గింజలు కూడా పట్టనివి,
పొద్దుమాపు తిరుగుతనే ఉంటయి.
తీగలు బిగించుడు, గిన్నెల దుమ్ము తుడుసుడు,
పెట్టెల లెక్క నిండితే కార్డు మార్చుడు.
గాలి రాకపోతే నేను చేసేదేం లేదు.
వచ్చినా చేసేదేం లేదు.

కింద డ్యాం నీళ్లకు మాత్రం రెండు పూటలా పనే.
పగలు ఎండ కరెంటుతో గుట్ట మీది చెరువుకు ఎక్కుతయి,
రాత్రి దీపాలు కావాల్సినప్పుడు దిగుతయి.
మొదటి దినం చూసి నాకు నవ్వొచ్చింది.
మా ఊర్ల రాత్రి రెండింటికి త్రీఫేజు వస్తే
బ్యాటరీ లైటు పట్టుకొని, పాములకు దండం పెట్టి,
బోరు మోటరు వేసొచ్చినోణ్ణి.
నీళ్ల కోసం కరెంటును కాసుకున్నోణ్ణి;
కరెంటు కోసం నీళ్లను కాసుకునేటోళ్లను చూసుడు ఇదే మొదలు.

ఇంజనీరు హోసామ్ సారుది ఈజిప్టు.
"నీళ్లుండంగ గాలెందుకు సార్?" అంటే
కాగితం మీద గీతలు గీసి చెప్పిండు,
హిందీ, ఇంగ్లీషు, చేతులు కలిపి.
నాకు గీతలు తెల్వలే గాని సంగతి తెలిసింది.
చిట్టీ.
మా రూముల ఆరుగురం వేసే చిట్టీ.
పైసలున్న నెల గాలి ఎక్కువేస్తది,
నీళ్లు మూట కట్టి దాసిపెడ్తయి,
గాలి జేబు ఖాళీ అయిన నెల
ఆ మూట విప్పుతయి.
ఎగ్గొట్టేది ఎప్పుడూ గాలే.
అందుకే ఏడాది పొడుగునా దాని నడత రాయాలె,
జామీను లేకుండ ఎవడిస్తడు కోట్లు?

జూలై ఎండకు పెట్టె సచ్చిపోయింది.
పదకొండు దినాలు లెక్క లేదు.
సారు తల పట్టుకొని కూసున్నడు.
జంకుకుంట నా నోటుబుక్కు తీసిన,
పొద్దు గడవక రాసుకున్నది:
"మంగళారం. తీగ మీద ఆరేసిన లుంగీ పగలు కదల్లే. మాపటికి ఎగిరింది.
బుధారం. చాయ్ గిలాస మూత పోయింది, లోయల దొరికింది.
గురువారం. దిల్‌బహదూర్ టోపీ పోయింది, దొరకలే.
శుక్రారం. ఉక్క."
చదివి చెప్తే సారు మొహం చూడాలె.
"లుంగీ ఎగిరితే ఎన్ని మీటర్లు?"
సెకనుకు ఐదు, తడి లుంగీ అయితే ఏడు, అన్న.
రాసుకోలే. కానీ నవ్విండు.

మా పెద్దవ్వ యాదికొచ్చింది ఆ రాత్రి.
కళ్లంల ముక్కాలిపీట ఎక్కి తూర్పార పట్టేది.
గాలి ఆగితే
చాట దించకుండనే సన్నగ ఈలేసి పిలిచేది.
వచ్చేది కూడా.
ఎన్ని మీటర్లో ఆమెనెవరూ అడగలే,
పొట్టు ఎంత దూరం పడ్డదో అదే లెక్క.

గుట్ట కింద మేకలు కాసే ఖల్ఫాన్ ముసలాయనకు
గాలుల పేర్లు తెలుసు, శమాల్, కోస్, సుహేలీ,
ఇంటికొచ్చే చుట్టాల లెక్క.
కంబం లేసిననాటి నుంచి మా దిక్కు చూసి తల ఊపుతనే ఉన్నడు.
మొన్న ఖర్జూరాలు చేతిల పెట్టి అన్నడు:
"గాలి నెత్తి మీద ఉండదు. మెడ కాడ ఉంటది."
రెండు గుట్టల నడుమ సందు చూపిచ్చిండు.
ఎన్నడూ నా మేకలు అక్కడ కూసోలే, అన్నడు.

సారుకు చెప్పిన. వినలే. మళ్లా చెప్పిన.
మూడో వారం ఆ సందుల ఇంకో కంబం లేసింది,
"ఊకె పరీక్షకు" అన్నడు.
గిన్నెలు తిరుగుడు చూసినంక
ఏం మాట్లాడలే. కొత్త కార్డు తెచ్చిండు.
కంపెనీ ఏమంటదో, రెక్కలు లేస్తయో లేదో,
లేసేనాటికి నా వీసా ఉంటదో లేదో.
పెట్టె మీద నమ్మకం లేక
నోటుబుక్కు మాత్రం ఆపలే.

"ఆదివారం. మేకలు కూసోలే."