తొమ్మిదో అంశం

ఎస్తోనియా మ్యాపు మీద వేలు పెడితే
వేలి కిందే మాయమయ్యే ఊరు మాది.
చలికాలం నాలుగింటికే చీకటి.
నెలకో గురువారం, ఐదున్నరకి,
కౌన్సిల్ హాల్లో ట్యూబులైట్లు
కళ్ళు నులుముకుంటూ ఒక్కొక్కటే లేస్తాయి.
పంతొమ్మిది మంది సభ్యులు, రెండు ఫ్లాస్కుల కాఫీ,
పళ్ళెంలో రై రొట్టె ముక్కలు,
చాంతాడంత ఎజెండా.

నేను మినిట్స్ రాస్తాను. పదిహేడేళ్ళుగా.
ఎవరేమన్నారో రాయకూడదు,
ఏం తేలిందో రాయాలి.

ఒకటి: క్రితం నెల మినిట్స్‌కి ఆమోదం.
ఇక్కడ నాకెప్పుడూ కాస్త గర్వం.
రెండు: మంచు తోడే బండికి కొత్త పార.
మూడు: కొత్తది వచ్చేదాకా పాతదానికి వెల్డింగ్.
నాలుగు: శ్మశానం కుళాయి చలికాలం కట్టేయాలా, వద్దా.
ఐదు: కుక్కల పార్కు కంచె
మీటరు ఇరవయ్యా, మీటరు యాభయ్యా.

అక్కడ ఆగింది బండి.
తైవో లేచి తన కుక్క ఎత్తు చేత్తో చూపించాడు.
ఊర్వె లేచి పక్కింటి వేటకుక్క ఎగిరే ఎత్తు
తలపైదాకా చూపించింది.
నలభై నిమిషాలు.

వెనక, ప్రజల కోసం వేసిన పన్నెండు కుర్చీల్లో
ఒకదాన్లో సాల్మె.
కోటు గుండీలు విప్పలేదు.
ఒళ్ళో సంచి, సంచిలో నాలుగు మడతల కాగితం.
ఆమె ఎందుకొచ్చిందో నాకు తెలుసు.
తొమ్మిదో అంశం: నాలుగో నంబరు బస్సు
నార మిల్లు మలుపు దాకా పోవాలా,
వంతెన దగ్గరే వెనక్కి తిరగాలా.
రిపోర్టు ఉంది, రంగుల గ్రాఫుతో సహా:
ఆఖరి స్టాపులో దిగేవాళ్ళు, రోజుకి సగటున,
సున్నా పాయింట్ తొమ్మిది మంది.

పది రోజుల్లో తొమ్మిది రోజులు సాల్మె ఊళ్ళోకొస్తుంది.
పదో రోజు మోకాళ్ళు రానివ్వవు.

తన అంశం వచ్చాకే ప్రజలు మాట్లాడాలి, మూడు నిమిషాలు.
ఆరో అంశం ఏడుంపావుకి మొదలైంది.
ఆఖరి బస్సు ఏడూ నలభైకి.
చీటీ ముక్క మీద రాశాను,
తొమ్మిదిని ముందుకు తేవచ్చా అని.
అధ్యక్షుడు కాల్యు చీటీ అందుకుని
దాని మీద కాఫీ కప్పు పెట్టాడు.
చదివి పెట్టాడో, చదవకుండానే పెట్టాడో.

ఏడూ ముప్ఫై ఆరుకి సాల్మె లేచింది.
కుర్చీ కిర్రుమంది. ఎవరూ తిరగలేదు.
బస్సు గురించి మాట్లాడ్డానికి వచ్చిన మనిషి
బస్సు పోతుందని వెళ్ళిపోయింది.
పోతే మంచులో మూడు కిలోమీటర్లు మరి.

ఎనిమిదీ ఐదుకి తొమ్మిదో అంశం.
“ప్రజల నుంచి ఎవరైనా?”
కాల్యు హాలంతా చూశాడు. నిజంగానే చూశాడు,
చెడ్డవాడు కాదు.
ఆ కుర్చీ కింద, బూట్ల నుంచి కరిగిన మంచు
అరచేయంత మడుగు.
పదకొండు చేతులు అవునన్నాయి, ఏడు కాదన్నాయి,
ఒకటి ఎటూ లేవలేదు.
మార్చి ఒకటి నుంచి అమలు.

పొద్దున్నే టైపు చేశాను.
అభ్యంతరాలు: లేవు.
అబద్ధం కాదు.
పైన, హాజరు దగ్గరికి వెళ్ళి ఒక లైను చేర్చాను:
ప్రజలు: ఒకరు. 7:36 వరకు.

సంతకం పెట్టబోయిన కాల్యు పెన్ను ఆగింది.
“ఈ టైము అవసరమా?”
“మెంబర్లు మధ్యలో వెళితే వేస్తాం కదండీ.”
కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు.
బయట ఏముంది, మంచు.
పెట్టాడు.

వచ్చే నెల ఒకటో అంశం కింద
ఆ లైను అందరి ముందూ ఉంటుంది.
చదివినట్టే చేతులెత్తుతారు.

కంచె ఎత్తు మాత్రం ఇంకా తేలలేదు.