రెండు బిందెల నేల

మల్కాపురంలో మా అద్దెవాటా వెనక
ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు.
నేల అనడానికి మొహమాటంగా ఉండేది.
వైశాఖం ఎండకి పెనంలా కాలి,
పోర్టు బొగ్గుమసి పైన పొరలా పరుచుకుని
చీపురు తగిలితే గచ్చులాగే చప్పుడు చేసేది.

మొదటి ఆదివారం గునపం ఎత్తి వేశాను.
ఖంగుమంది.
మోచేతి దాకా పాకింది ఆ కబురు.
ఇంకోటి వేశాను. గోరంత పెచ్చు లేచి
నా నుదుటికే తగిలింది.
పిట్టగోడ అవతల మినప్పప్పు కడుగుతున్న
నూకరత్నం పిన్ని నవ్వు ఆపుకోలేదు.
"దాంతో దెబ్బలాటేటే అమ్మా?
నాననీ. ముందల దాన్ని నాననీ."

కుళాయి వచ్చేది రోజు విడిచి రోజు,
తెల్లారగట్ల నాలుగింటికి, నలభై నిమిషాలు.
అందులో రెండు బిందెలు నేలకి అంటే
"స్నానం నాకా, దానికా?" అన్నాడు తమ్ముడు పైడిరాజు.
బియ్యం కడిగిన నీళ్లు, పిన్ని పప్పు కడిగిన నీళ్లు
అన్నీ దానికే మళ్లించాను.
తడి గోనెపట్టా కప్పి,
జ్వరం మనిషికి దుప్పటి సర్దినట్టు
అంచులు లోపలికి నొక్కాను.

మూడు రాత్రులు.
నాలుగో పొద్దున గునపం మాట్లాడలేదు.
జానెడు లోతుకి దిగి నిలబడిపోయింది,
చెయ్యి వదిలేసినా.

అప్పుడు మొదలైంది లెక్క.
ముప్పై ఏడు వెల్డింగు రాడ్ల ముక్కలు,
హుద్‌హుద్ నాడు ఎగిరొచ్చిన రేకు అంచు,
ఎవరి పిల్లదో చప్పుడు పోయిన మువ్వ,
సగం టైలు మీద సగం నెమలి,
సిమెంటు గడ్డకట్టిన ఒక ఎడమ చెప్పు.
పైడిరాజు రాడ్లు ఏరి, తిప్పి చూసి
"ఇవి మా యార్డువే" అన్నాడు,
బస్సులో ఊరివాళ్లు కనబడినట్టు.

సింహాచలం అవతల చెల్లెలింటి నుంచి
పిన్ని సంచెడు గెత్తం మోసుకొచ్చింది.
వాసనకి ఆటోవాడు పది రూపాయలు ఎక్కువడిగాడట.
"ఇయ్యనేదు" అంది.
మట్టీ గెత్తమూ ఆవిడే కలిపింది, మోచేతుల దాకా.
ఉండ్రాళ్ల పిండి చూసినట్టు
పిడికిట పట్టి వదిలింది. ముద్ద విరిగింది.
తల ఊపింది.
ఆవిడ కొంగు ముడిలో బీరగింజలున్నాయి.
చెయ్యి చాపాను.
"ఇప్పుడు కాదు. దాని కాక తీరనీ.
పదిరోజులు ముట్టుకోకు."

సాయంత్రం డ్యూటీకి పోతున్న వాచ్‌మన్
గోడ మీంచి చూసి ఆగాడు.
కొత్తగా ఎత్తైన మట్టి, ఆరడుగులు,
మీద తడి గోనె.
గొంతు తగ్గించి అడిగాడు,
"ఏటి పాతేరమ్మా?"

పాతలేదు బాబూ, ఇంకా.
తీసేం.

అతను నమ్మినట్టు లేదు.
హార్బరులో ఏదో ఓడ కూసింది.
రాత్రంతా మసి మళ్లీ దిగింది.
పొద్దున గోనె విదిలించి మళ్లీ పరిచాను.
ఇంక తొమ్మిది రోజులు.