పదకొండు డిగ్రీలు

ఫ్లెక్సు దుకాణంల గిరాకీ అడిగేది ఒక్కటే:
"అన్నా, ఉరికే అక్షరం ఏసియ్యి. లావుగ, వాలుగ."
కబడ్డీ పోటీలకు అదే, బోరుబండికి అదే,
ప్లాట్ల వెంచరుకు, కోళ్ల దాణాకు,
దేవరకొండ రోడ్డుమీద పంక్చరు డబ్బాకు సుత.
నిలబడ్డ అక్షరానికి మా నల్లగొండల బేరం లేదు.

కంప్యూటర్ల ఉన్నవి నాకు నచ్చయి.
నిటారు అక్షరాన్ని మెడవట్టి పక్కకు నూకినట్టుంటయి.
తలకట్టు ఒకదిక్కు, ఒత్తు ఇంకోదిక్కు.
లావు పెంచితే "ఘ" కడుపు పూడిపోతది,
ఊపిరాడక నల్లటి ముద్దయితది.

పెయింటర్ సైదులు దగ్గర రెండు ఎండకాలాలు రంగు కలిపిన నేను.
ఆయన గీత మొదలుకాడ ఎంత లావో కొసకాడ అంతే,
సన్నం-దొడ్డు వయ్యారాలు లేవు,
చివర్ల తోక లేదు, సోకు లేదు.
"నలుపును అందరు రాస్తరు బిడ్డా,
లోపలి తెలుపును రాయాలె" అని
సున్నం గోడమీద ముందుగాల ఖాళీలను పెన్సిలుతో గుర్తువెట్టెటోడు,
ఇల్లు లేవకముందే కిటికీలు కొనుక్కొచ్చినట్టు.

లారీకి, బస్సుకు వాలు రాసేది.
బడి గోడకు, స్మశానం గేటుకు నిటారు.
ఉరికేటోనికి ఉరికే అక్షరం,
ఆగాల్సిన కాడ ఆగే అక్షరం. అది ఆయన లెక్క.

మర్రిగూడ దిక్కు బోరింగుల కాడ ఎర్రరంగుతో రాసే పని వచ్చిన ఏడు
ఆయన మెడ తిరుగుడు బందయింది.
ఆ నీళ్లే తాగి పెరిగిన బొక్కలు.
కుడి మోచెయ్యి ఒక హద్దు దాటి లేవకపోయేది.
ఇక్కడ నిటారే రాయాలె అన్నడు.
నేను డబ్బా పట్టుకొని నిలబడ్డ.
గద్దె గోడమీద
"ఈ నీళ్లు తాగొద్దు"
మొత్తం కుడిదిక్కు ఒరిగింది.
ఎనుకకు జరిగి చూసిండు. కిరసనాయిలు గుడ్డతోని తుడిచిండు.
మళ్ల రాసిండు. మళ్ల ఒరిగింది.
మూడోసారి తుడువలె.
"పోనీ తియ్యి," అన్నడు, "గోడే ఉరికిపోతున్నట్టున్నది."
నేను నవ్విన. ఆయన గుడ్డ పిండుకుంట ఉండె.

సైదులు పోయి ఆరేండ్లు.
మొన్న పోయి ఆ గోడ ఫోటో తీసుకొచ్చి
తెరమీద పెట్టి వాలు కొలిస్తే
పదకొండు డిగ్రీలు.
మూడుసార్లు రాసిన చెయ్యి, ప్రతి అక్షరానికీ అదే పదకొండు.

నా దగ్గరున్నవి ఆరే అక్షరాలు.
యాభై ఆరు పుట్టియ్యాలె.
"ద" కింద గీత గీస్తే "ధ" అయింది,
దాని కడుపుల చుక్క వెడితే "థ".
"గ" కు ముడి వేస్తే "శ".
రాత్రిళ్లు ఇట్ల ఒకదానికొకటి చుట్టరికం కలుపుకుంట
"ఝ" కాడ ఆగిపోయిన.
అది పెద్ద సంసారం. అంత లావు గోడల నడుమ
అన్ని తెల్లటి అర్రలు ఎట్ల ఇముడ్చుతడో ఆయనకే ఎరుక.
దాని జాగల నా ఫాంటుల ఉత్త డబ్బానే ఉన్నది.

చండూరుల ఝాన్సీ లేడీస్ టైలర్ షట్టరు
సైదులు రాసిందే అని చాయ్ కాడ ఎవలో చెప్పిండ్రు.
షట్టరు మీది రాత దుకాణం తెరిచుంటే కనవడది,
చుట్టుకపోయి పైన చీకట్ల పంటది.
పొద్దుగూకే బస్సుకు పోయిన.
ఎనిమిది దాటింది. మిషను నడుస్తనే ఉన్నది.
ఎవలదో పెండ్లి జాకెట్టు, తెల్లారితే ముహూర్తమట.

"ఏం గావాలె అన్నా? ఇందాకటి సంది చూస్తున్నవ్."
"షట్టరు ఎప్పుడు దించుతవమ్మా?"
దారం పంటితోని తెంపి నన్ను ఎగాదిగా చూసింది.
"ఇంక నాలుగు హుక్కులు కుట్టేదున్నది," అన్నది,
"ఎందుకు?"