టికెట్ వెనక

నలభై రెండేళ్ళకి కరాటే ఏందని
డిపోలో నవ్వనోళ్ళు లేరు.
ఎవుర్ని కొట్టబోతుండావు పెంచలమ్మా,
అని కంట్రోలర్ కూడా అడిగినాడు.
ఎవుర్నీ కాదు.
పోయిన నెల వింజమూరు దాటినాక
గేదె అడ్డమొచ్చి బ్రేకు పడింది.
నేను ఇంజను పెట్టె మీద పడినా.
లేపడానికి ఇద్దరు కావాల్సొచ్చింది.
ఆ ఇద్దరూ నాకన్నా పెద్దోళ్ళు.

కావలిలో తన్నులాట నేర్పేవాళ్ళు
ఇంతమంది ఉండారని
కరెంటు స్తంభాలు చదవడం మొదలుపెట్టినాకే తెలిసింది.

ట్రంకు రోడ్డులో, సెల్లుల అంగడి పైన
ఏసీ గది, గోడంతా అద్దం.
ఫ్లెక్సీలో మాస్టరు గాల్లో ఉన్నాడు,
కింద మనిషి కుర్చీలోంచి లేవలా.
ఏడాది డబ్బు ఒకేసారి కడితే డ్రెస్సు ఉచితం,
ఆరు నెలల్లో బ్రౌను బెల్టు గ్యారంటీ.
బాబు ఏ క్లాసు మేడమ్?
బాబు కాదు, నేనే అన్నా.
అతని చూపు నా మడమల దాకా దిగి
మళ్ళీ పైకొచ్చింది.
సాయంత్రం లేడీసుకి జుంబా ఉంది, అన్నాడు.

ముసునూరులో ఒక పెద్దాయన కర్రసాము నేర్పుతాడంటే పోయినా.
అబద్ధం చెప్పకూడదు, ఆ విద్య గొప్పది.
కర్ర తిరిగితే మనిషి కనపడడు,
చుట్టూ గాలి చిరుగుతున్న చప్పుడే.
కానీ అడుగు తప్పిన పిల్లోడి పిక్క మీద
వరసగా ఎర్ర గీతలు.
వాడు ఏడవలా. ఏడవకపోవడం కూడా
అక్కడే నేర్చుకున్నట్టున్నాడు.
నేను చెప్పులేసుకున్నా.
ఆ పాఠం మా నాయన దగ్గర
ఫీజు లేకుండా పూర్తి చేసినదాన్ని.

ఇంక చాల్లే అనుకున్న రోజు
రైలు గేటు పడి బస్సు ఆగింది.
పక్కన మూతబడిన ఐసు ఫ్యాక్టరీ,
తలుపు లేని షెడ్డు,
రొయ్యల మేత సంచుల్లో ఊక కుక్కి కుట్టిన పరుపులు.
వాటి మీద పదిమంది పడతా ఉండారు,
లేస్తా ఉండారు, మళ్ళీ పడతా ఉండారు.
గేటు లేచిందని డ్రైవరు హారను కొట్టినా
నా చెయ్యి బెల్లు తాడు మీదికి పోలా.

మర్నాడు డ్యూటీ దిగి పోయినా.
దావూదు మాస్టరు, పగలు ట్రాక్టర్లకి పంచర్లేస్తాడు,
గోళ్ళ కింద ఆ నలుపు పోలేదు.
కళ్ళద్దాల పిల్లొకతి ఆయన్ని ఆపి
సార్, మీ కాలు లోపలికి పోతా ఉంది, అనింది.
ఆయన కిందికి చూసుకున్నాడు.
అవును, అని కాలు జరిపినాడు.
ఎవరూ నవ్వలా.
దాన్ని అంతకు మించి ఎట్టా చెప్పాలో నాకు తెలీదు.

ఫీజు నాలుగొందలు. ఐదొందల నోటిచ్చినా.
చిల్లర లేదన్నాడు.
నా చేతిలోని టికెట్టు ముక్క అడిగి తీసుకుని
వెనక రాసినాడు: వంద, పెంచలమ్మకి.

పధ్నాలుగేళ్ళుగా ఆ వెనక వైపు నాది.
ఎంతమందికి రాసిచ్చానో లెక్కలేదు.
కునుకు తీస్తా మర్చిపోయినోళ్ళు,
చంకలో బిడ్డతో గబగబా దిగినోళ్ళు.
అందర్నీ వెనక్కి పిలిచినానని
ఒట్టేసి చెప్పలేను.
పదీ ఇరవై సంచి అడుగున మిగిలి
రాత్రికి పాల ప్యాకెట్టయిన రోజులున్నాయి.

మరుసటి రోజు నేను గడప దాటకముందే
ఆయన వంద చేతిలో పెట్టినాడు.
నమస్తే ఆ తర్వాత.

ఇప్పటికి రెండు నెలలు.
తెల్ల డ్రెస్సు ఇంకా కుట్టించలా,
పాత చుడీదారులోనే పడతా ఉండా.
ఎడమ మోకాలు మెట్లెక్కనీదు.
పన్నెండేళ్ళ సుభానీ నన్ను రోజూ పడేసి
సారీ ఆంటీ అంటాడు.

నిన్న కలిగిరి మలుపులో మళ్ళీ బ్రేకు.
కొంచెం తూలినా, కడ్డీ పట్టుకోకుండా నిలబడినా.
చూసినోళ్ళు లేరు. చూడాల్సిన పని కూడా లేదు.
వెనక సీటులో దుత్తలూరు దిగాల్సిన ముసలాయన
నోరు తెరుచుకుని నిద్రపోతా ఉన్నాడు,
జేబులో టికెట్టు, దాని వెనక నా రాత.
భుజం తట్టి లేపినా.
అబ్బా, ఏందమ్మా, అని విసుక్కున్నాడు.
లే తాతా.
నీకు నేను ముప్పై ఇయ్యాల.