పంపు కొట్టేదెవరు

వ్యాసర్‌పాడిలో రైలు పట్టాల గోడకి ఆనుకున్న కార్పొరేషన్ బడి.
మూడో తరగతి గది ఖాళీ చేయించి
నాకో బల్ల, రెండు కుర్చీలు ఇచ్చారు.
స్టాప్‌వాచ్ నాదే.
కుర్చీ పిల్లలకి పెద్దది, కాళ్ళు నేలకానవు.
మా పరిశోధనలో ఆ చలరాశికి గడి లేదు.

నలభై ఆరో నంబరు పాప పేరు అంకమ్మ.
రిజిస్టర్లో అంగమ్మ.
తమిళంలో ఆ చోట కకారం గకారమైపోతుంది.
హాజరు పిలిస్తే రెండో పేరుకి పలకడం
ఒకటో తరగతిలోనే నేర్చేసుకుంది.
దానికి మార్కులేం లేవు.

ఇంటి భాష: తమిళం, ఉర్దూ, ఇతరం.
ఇతరం దగ్గర టిక్కు పెడుతూ
"మీ అమ్మ ఏం పని చేస్తుందమ్మా" అని
ఇతరంలోనే అడిగేశాను.
"నువ్వూ మనోళ్ళేనా అక్కా!"
కుర్చీలోంచి సగం లేచింది.
నిబంధనల పుస్తకం, ఏడో పేజీ:
పరీక్షకురాలు చనువు చూపరాదు.
కూర్చోమన్నాను.

నిమిషంలో పదకొండు మాటలు చదివింది.
పొద్దున వచ్చి వెళ్ళిన దాని అన్న పెంచలయ్య
అదే ఇల్లు, అదే కంచం, అదే ఇతరం,
యాభై మూడు.
గుంపుకీ గుంపుకీ మధ్య వేలెడు తేడా,
గుంపు లోపల బారెడు.
అయిదు వేళ్ళూ ఒక్కలా ఉండవని తెలిసి తెలిసే
అయిదింటి చుట్టుకొలతకీ సగటు కట్టి
ఒకే సైజు ఉంగరం చేయిస్తున్నాం మేము.

తర్వాత లెక్క.
ఒక బిందె నిండటానికి మూడు నిమిషాలు పడితే
ఏడు బిందెలకి ఎంతసేపు?

నొక్కాను.
అంకమ్మ కిటికీలోంచి వీధి మలుపు చూసింది.
అక్కడ రంగు వెలిసిన చేతిపంపు,
దాని చుట్టూ వరసగా ప్లాస్టిక్ బిందెలు,
మనుషులు లేకుండా అవే నిలబడి ఉన్నాయి.
"లారీ నీళ్ళా అక్కా, పంపు నీళ్ళా?"
చెప్పకూడదు.
"పంపయితే ఎవురు కొడతారు?
మాయమ్మ కొడితే రెండే నిమిషాలు,
రోడ్లు చిమ్మే చేతులు గదా.
నేను కొడితే అయిదు.
అన్న సగంలో పెట్టేసి పోతాడు.
ఏడో బిందెకి ఎవురికైనా రెట్టలు పీకతాయి,
అప్పుడింకా లేటు.
లైన్లో మన ముందర ఎంతమంది ఉండారు?"

బేసిన్ బ్రిడ్జి వైపు లోకల్ ఒకటి పోతే
బల్ల వణికింది, పెన్సిల్ దొర్లింది.
వంగి అందుకుని నా చేతికిచ్చింది.
టైమయిపోయింది.

సరైన జవాబు ఇరవై ఒకటి.
నలభై ఆరుకి ఎదురుగా సున్నా.

సోమవారం డాక్టర్ పూంగోదై గ్రాఫు చూపించారు.
"మూడో గుంపుని సున్నాలు కిందికి లాగుతున్నాయి."
పంపు సంగతి చెప్పాను.
ఆవిడ నవ్వలేదు, కొట్టిపారేయనూ లేదు,
కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.
"పదకొండు జిల్లాల్లో ఇదే అడిగాం," అన్నారు,
"ఇప్పుడు ప్రశ్న మారిస్తే దేన్ని దేనితో పోలుస్తాం?"
అదీ నిజమే.

వ్యాఖ్య అనే గడిలో కాస్తే చోటు.
పంపు కొట్టేదెవరని అడిగింది, అని రాశాను.
ఆ గడిని ఏ సూత్రమూ చదవదు.

రాత్రి గదికొచ్చి
వంటింటి కుళాయి కింద బిందె పెట్టి
స్టాప్‌వాచ్ నొక్కి గోడకి చేరగిలబడ్డాను.
నేను చెయ్యి కదపలేదు. నా ముందు ఎవరూ లేరు.
సరిగ్గా మూడు నిమిషాలు.
ప్రశ్నలో తప్పేం లేదు,
అడయారులో, రెండో అంతస్తులో.