బిగువు

చేపల ఫ్యాక్టరీ తడినేల మీద
ముప్పై యేళ్లు నిలబడ్డ కాలు ఓస్లాది.
చీలమండ పైన పుండు; పద్నాలుగు నెలలుగా మానదు.

కాలివేళ్ల మొదళ్ల నుంచి మోకాటి దాకా
నేను కట్టు చుట్టుకొస్తుంటే
అల్లిక సూదులు ఒళ్లో పడేసి
వేలు దూర్చి చూస్తుంది:
"ఇక్కడ వదులు. విప్పు."
షెట్లాండ్ శాలువాలు అల్లిన చెయ్యి. విప్పుతాను.

గుడ్డ మీద అచ్చేసిన కోల గళ్లు
నలుచదరం అయ్యేదాకా లాగి,
చీలమండ దగ్గర బిగువు, పైకి పోనుపోను సడలింపు.
ఆఁ, అంటుంది.

మంగళవారాలు ప్లాస్టిక్ కాగితం పరిచి
పుండు అంచు గీస్తాను.
మొదట ఉయ్యా దీవిలా ఉందంది.
తర్వాత, గొర్రెలు కూడా ఎక్కని బండ.
ఈ వారం చుక్క.
ఒక దీవి మునుగుతుంటే ఓస్లా నవ్వడం
ఇదే మొదలు.

మానాక కూడా బిగుతు మేజోడు తొడగాలన్నాను.
ఎవరల్లారు, అంది.